నేల తాకే చోటు వదిలేసి

అమ్మ బ్యూయిక్ కారు కొనడానికి
పదకొండింటికి ఎవరో వస్తారట.
ఆర్వల్ ఆరింటికే లేచి గరాజు తలుపెత్తాడు.
ఏక్రన్‌లో ఏప్రిల్ ఎండ
ఇంకా చెయ్యి తిరగని పనివాడిలా ఉంది,
ఒక చక్రం మీద పడుతుంది, ఇంకోదాన్ని మరిచిపోతుంది.
మంచిదే, అన్నాడు.
వేడెక్కిన టైరుకి పూస్తే చారలు కడుతుంది.

నేను తెచ్చిన స్ప్రే డబ్బా చూసి
చెత్తబుట్ట వైపు గడ్డం ఎగరేశాడు.
"అది బ్రేకు పళ్లెం మీద పడిందనుకో,
కొన్నవాడు మొదటి మలుపులోనే నిన్ను తలుచుకుంటాడు."

ముందు కడగాలి.
బ్రష్షుతో రుద్దుతుంటే నురగ
టీ డికాక్షన్ రంగులో కారింది.
ఎంత మురికో, అన్నాను.
మురికి కాదది, అన్నాడు,
ముప్పై ఒక్క ఏళ్లు టైర్లు చుట్టినవాడు,
ఎడమచేతి చిటికెనవేలు మిషన్ దగ్గరే వదిలేసి వచ్చినవాడు.
"పగుళ్లు రాకుండా లోపల మందు కలుపుతాం.
ఏళ్ల తరబడి అది మెల్లగా పైకి వస్తుంది.
గాలి ముందు దాన్ని తింటుంది, ఆ తర్వాతే రబ్బరుని.
గోధుమ రంగు కనిపించిందంటే
అది తన పని తాను చేసిందని."

నురగ తెల్లబడేదాకా రుద్దాను.
నాలుగు చక్రాలు, రెండు బకెట్లు, మాట లేదు.

ఇతన్ని నేనెప్పుడూ నాన్నా అనలేదు.
అమ్మ ఇతన్ని చేసుకున్నప్పుడు నాకు పద్నాలుగు.
వినపడాలనే
ఈ కారు తలుపు ధనామని వేసేదాన్ని.
మర్నాటికల్లా బందులకి నూనె,
అంచుకి కొత్త రబ్బరు పట్టీ.
నా కోపానికి చప్పుడు కూడా మిగల్చలేదు మనిషి.

ఆరింది. గుడ్డతో అద్ది చూశాడు, తడి లేదు.
కార్న్‌ఫ్లేక్స్ అట్టని రాత్రే వంపుగా కోసి ఉంచాడు,
రిమ్ముకి అడ్డం పెట్టడానికి.
స్పాంజి మీద చిక్కుడు గింజంత పాలిష్,
అంతకు మించితే ఊరుకోడు.
గుండ్రంగా, పొరలా, తొందర లేకుండా.
పొంగి ఉన్న అక్షరాల సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు.
నల్లగా మారింది.
మెరుపు కాదు, తడిసిన పలక మీది నలుపు.

ఆ ఊపులో నేను గాళ్ల మీదికి కూడా పోయాను.
చెయ్యి పట్టుకుని ఆపాడు.
నాలుగు వేళ్లే, అయినా గట్టిపట్టు.
"నేల తాకే చోట వద్దు.
అది చూడ్డానికి కాదు, పట్టుకోవడానికి."

ఇరవై నిమిషాలు ఆగాలి.
బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.
వాచీ చూసుకుంటున్నాడు గానీ
చక్రాల కోసం కాదనిపించింది.
తర్వాత మిగులు తుడవడానికి జేబులోంచి గుడ్డ తీశాడు.
కోడిపుంజు బొమ్మ.
అమ్మ వంటింటి తువ్వాలు.
నేను చూశానని చూశాడు.
"కొత్తగుడ్డ పీచు రాల్చుతుంది," అన్నాడు.
నేనేమీ అడగలేదు.

"వీధి చివరిదాకా పోయి రా.
చుక్కలు ఎగిరితే ఇప్పుడే తెలియాలి."

వీధి చివర వచ్చింది.
నేను ఆగలేదు.
మూతపడ్డ ఫ్యాక్టరీ ఇటుకగోడ దాటాను,
అమ్మకి మందులిచ్చే షాపు దాటాను,
సీటు ఇంకా తన కొలతకే ఉంది, మోకాళ్లు స్టీరింగుకి తగిలేంత దగ్గరగా.
జరుపుకోలేదు.

తిరిగొచ్చేసరికి పదిన్నర.
ఆర్వల్ తువ్వాలుతో వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.
ఒక్కో చక్రం దగ్గరా మోకాళ్ల మీద వంగాడు.
ఎడమ వెనక చక్రం పైన, తెల్ల రేకు మీద
ఆవగింజంత నల్లచుక్క.

"ఎక్కడిదాకా పోయావు?"
"చివరిదాకే."
వేలితో తాకి, వేలు చూసుకున్నాడు.
"ఇది వీధిలో ఎగిరిన చుక్క కాదు," అన్నాడు,
"హైవే చుక్క."

నవ్వాడో లేదో,
ముఖం టైరు వైపు ఉంది.